పెట్టెలాయన

మూడో వైరు కొసన ఉన్న పిన్నును పాత బనియను గుడ్డతో తుడుస్తుండగా అక్క కాఫీ తెచ్చి బల్లమీద పెట్టింది. పెట్టి వెళ్ళిపోలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె అలా కూర్చుందంటే ఏదో అడగబోతోందని అర్థం. అతను తలెత్తకుండా వైరు చుట్టడం మొదలుపెట్టాడు. చేతికి చుట్టుకుంటే లోపలి తీగ మెలిపడి పాడవుతుందని, బల్లమీద పెద్ద పెద్ద వలయాలుగా పరుచుకుంటూ చుట్టడం అతని పద్ధతి. ఆ పద్ధతి పుణ్యమా అని రోజూ పొద్దున్న భోజనాల బల్లలో సగం అతని కిందికే వచ్చేది.

“ఒరే, నా మొహం చూసి చెప్పు. ఆయన చెయ్యి ఎలా ఉంది?”

“ఏ చెయ్యి?”

“వేషాలెయ్యకు. పొద్దున్న ఎడమచేత్తో చెంప లాగిపట్టి గడ్డం గీసుకుంటూ రెండు చోట్ల కోసుకున్నారు. అడిగితే బ్లేడు మొద్దుబారిందట. నిన్ననే కొత్తది వేశాను నేను.”

అతను పిన్నును కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. “బాగానే ఉందే అక్కా. నిన్న కూడా చక్కగా వాయించాడు.”

“పిన్నుతో కాదు, నాతో చెప్పు.”

ఈలోగా బావ గదిలోంచి వచ్చాడు. మనిషి నిలువెత్తు. మీసానికి రంగు, చొక్కాకి ఇస్త్రీ, నోటికి వెటకారం ఏనాడూ తగ్గనివాడు. గడ్డం మీద రెండు చోట్ల దూది అంటించుకుని ఉన్నాడు.

“ఏంటే, పొద్దున్నే కోర్టు పెట్టావ్? ముద్దాయి నేనా, నీ తమ్ముడా?”

“మీరే. ఆ చెయ్యి ఓసారి చాపండి, చూస్తాను.”

“చూడ్డానికేముంది? ఇన్నేళ్ళుగా గడియారాలు నన్ను చూసి టైం దిద్దుకుంటున్నాయి. కావాలంటే నీ తమ్ముణ్ణే అడుగు. వాడి పెట్టెలన్నీ నా వెనకాలే కదా నడిచేది. ఏరా?”

“అవును బావా,” అన్నాడతను. అని, గ్లాసు ఎత్తుకుని కాఫీ తాగాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే అది ఎంత నిజమో బావకి తెలియదు.

అతనికి అరవై దగ్గరపడుతున్నాయి. సన్నగా, కాస్త ముందుకు వంగి, పక్కగదిలోంచి ఎవరైనా పిలిచారేమో అన్నట్టు తల ఒకవైపుకి వాల్చి ఉంటాడు. ఎప్పుడూ ఒక చెవికి హెడ్‌ఫోను పెట్టుకుని రెండో చెవిని బయటికి వదిలెయ్యడం వల్ల వచ్చిన వాలు అది. కుర్రతనంలో రేడియోలు బాగుచేసే కొట్టులో పనిచేశాడు. బావ పరిచయమైంది అక్కడే. పాడైన స్పీకరు పట్టుకుని వచ్చినవాడు, స్పీకరు బాగయ్యాక కూడా రావడం మానలేదు. తన కబుర్ల కోసం వస్తున్నాడని అతను మురిసిపోయాడు. క్యారేజీ తెచ్చే అక్క కోసం వస్తున్నాడని అందరికంటే ఆఖర్న తెలుసుకున్నది అతనే. రేడియోలు బాగుచేయించుకునేవాళ్ళు లేక కొట్టు మూతపడ్డాక, తను డ్రమ్ములు వాయించే డాన్సు హాల్లోనే బావ అతనికి పని ఇప్పించాడు. ఉండడానికి మేడమీద గది ఇచ్చాడు. అప్పట్నుంచీ ముగ్గురిదీ ఒకే ఇల్లు.

అతను పెళ్ళి చేసుకోలేదు. హాల్లో టిక్కెట్లిచ్చే అమ్మాయి ఒకప్పుడు రోజూ వచ్చి మైకు ముందు నిలబడేది. “ఏదో ఒకటి మాట్లాడండి, మైకు సరిచూసుకోవాలి,” అనేవాడతను. ఆమె పొద్దున్నుంచీ జరిగినవన్నీ చెప్పేది. బస్సులో ఎవరు ఎవరి కాలు తొక్కారో, పక్కింటి పిల్లి ఎవరి పాలు తాగిందో. మైకు సరిపోయాక కూడా అతను ఏవో తిప్పుతూ కూర్చునేవాడు. అడుగుదాం, అడుగుదాం అనుకుంటూ ఉండగానే ఒకరోజు ఆమె పెళ్ళి కుదిరిందని చెప్పింది. అదీ మైకులోనే. “సరిపోయిందా?” అని అడిగింది చివర. “సరిపోయింది,” అన్నాడు. తర్వాత చాలాకాలం అతనే మైకు ముందు నిలబడి అంకెలు లెక్కపెట్టుకునేవాడు.

భోజనాలయ్యాక ఇద్దరూ హాలుకి బయలుదేరారు. దారి పొడుగునా బావే మాట్లాడాడు. కూరగాయల బండివాణ్ణి, బస్సు కండక్టర్ని, ఎండని, ఎవర్నీ వదిలిపెట్టలేదు. ఎడమ చెయ్యి మాత్రం ప్యాంటు జేబులోనే ఉంచుకున్నాడు. ఆ చెయ్యి జేబులోకి చేరి ఏడాది కావస్తోందని అతను గమనిస్తూనే ఉన్నాడు.

హాలు ఒక ఫర్నిచరు కొట్టు పైన ఉంది. కింద సోఫాలు, మంచాలు, పైన డాన్సులు. మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. మధ్యలో మలుపు దగ్గరికి వచ్చేసరికి అతనికి ఛాతీ మీద ఎవరో పెద్ద పెట్టె దించినట్టయింది. వైర్ల సంచీ కిందపెట్టి మెట్టుమీద కూర్చున్నాడు.

“ఏంట్రా, అప్పుడే ముసలాడివైపోయావా?” బావ పైనుంచి అడిగాడు.

“చెప్పులో రాయి పడింది. నువ్వు పద.”

చెప్పు విప్పి, లేని రాయిని దులిపి, మళ్ళీ తొడుక్కున్నాడు. ఈ మధ్య రెండు మూడుసార్లు ఇలాగే అయింది. అజీర్తి అనుకున్నాడు. అక్కతో చెప్తే వేడినీళ్ళు తాగించి, డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళి, పదిమందికీ చెప్తుంది. ఆమెకి ఇప్పటికే ఒకరి చెయ్యి బెంగ ఉంది. చాలదూ?

హాల్లో కిటికీ తెరలు ఇంకా తీయలేదు. చెక్క నేల మైనం పూసి రుద్దిన వాసన వస్తోంది. అతను వేదిక ఎక్కి మోకాళ్ళమీద కూర్చుని, వాద్యాల స్వరాలు వాటంతటవే వాయించే పెట్టెల వెనక వైర్లు కలపసాగాడు. హాల్లో అందరూ అతన్ని పెట్టెలాయన అంటారు. పేరు పెట్టి పిలిచినవాళ్ళెవరూ లేరు.

యంత్రాలన్నీ ఒకే వేగంతో నడుస్తాయని బయటివాళ్ళు అనుకుంటారు. ఏ రెండు పెట్టెలూ సరిగ్గా ఒకేలా నడవగా అతను ఇంతవరకూ చూడలేదు. రెండింటినీ ఒకేసారి మొదలుపెట్టి వాటి మానాన వాటిని వదిలేస్తే, పాట సగానికొచ్చేసరికి ఒకటి ముందుంటుంది, ఇంకోటి వెనక పడుతుంది. ఒకే తలుపు రెండుసార్లు మూసుకున్నట్టు వినిపిస్తుంది. అందుకని వాటిలో ఒకదాన్ని పెద్దగా నిలబెట్టాలి. అది లోపల్లోపల లెక్క చెప్తూ ఉంటే, మిగతావన్నీ వైర్ల ద్వారా విని దాని అడుగులో అడుగు వేస్తాయి. చేతులు పట్టుకుని రోడ్డు దాటే పిల్లల్లాగా. మధ్యలో ఒక్కరు చెయ్యి వదిలినా, వాళ్ళ తర్వాతి వాళ్ళంతా తప్పిపోతారు. పొద్దున్నే పిన్నులు తుడిచేది అందుకే. పెద్ద పెట్టెకి ఒక నాబ్ ఉంది. దాన్ని ఆవగింజంత తిప్పితే చాలు, అన్నీ కలిసి నిదానిస్తాయి, లేదా కలిసి వడి అందుకుంటాయి.

వైర్లు కలిపాక కూడా పని అయిపోదు. ఒక్కో పెట్టెది ఒక్కో బద్ధకం. లెక్క అందరికీ ఒకేసారి అందినా, ఒకటి వెంటనే పలుకుతుంది, ఇంకోటి ఒళ్ళు విరుచుకుని పలుకుతుంది. బద్ధకమున్నదాన్ని కాస్త ముందుగా లేపాలి.

“లావాయన ఇవాళ మరీ ఆలస్యంగా లేస్తున్నాడు,” అన్నాడతను కింది స్వరాలు పలికే బేస్ పెట్టెకి చెవి ఆనించి.

కీబోర్డు ముందు కూర్చున్న ఆవిడ నవ్వింది. లావాయనంటే ఆ పెట్టె కాదు. అది రాకముందు అక్కడే కుర్చీ వేసుకుని బేస్ గిటారు వాయించిన మనిషి. పెట్టె వచ్చిన నెలలోనే ఆయన్ని పొమ్మన్నారు. గిటారు భుజాన వేసుకుని మెట్లు దిగుతూ, “జాగ్రత్తగా చూసుకో దాన్ని. అది నాలా తిండి అడగదులే,” అని నవ్వించి మరీ వెళ్ళాడు. తర్వాత బాకా వాయించే తాతగారు. బాకాని గుడ్డలో చుట్టుకుంటూ, తన చోట బల్లమీద పెడుతున్న పెట్టెకేసి ఒకసారి చూశాడంతే. ఆ పెట్టెను అక్కడ పెడుతున్నది అతనే. వాళ్ళు వెళ్ళాక ఆ పెట్టెలని వాళ్ళ పేర్లతోనే పిలవడం అలవాటు చేసుకున్నాడు. అందరూ అది హాస్యం అనుకున్నారు. అతను కూడా కాదనలేదు.

మిగిలింది డ్రమ్ములు. ఆ పెట్టెల్లో డ్రమ్ములు లేక కాదు. ఇంతవరకూ వాటి గొంతు అతను విప్పలేదు, అంతే.

మేనేజరు తెరలు తీయించుకుంటూ వచ్చి వేదిక అంచున నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. అందరి యోగక్షేమాలూ అడిగే మనిషే.

“పెట్టెల మాస్టారూ, ఒక్క మాట. ఇలా రండి.”

అతను లేచి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వెళ్ళాడు. బావ అవతల మూల డ్రమ్ము తోలు బిగించుకుంటున్నాడు. మేనేజరు గొంతు తగ్గించాడు.

“పాటలు ఈడుస్తున్నాయండీ ఈ మధ్య. నాకొక్కడికే కాదు, ఇద్దరు ముగ్గురు అన్నారు. మీ పెట్టెలు ఈడవవు కదా. మరి ఈడుస్తున్నదెవరు?”

“నాబ్ కాస్త వదులైందండీ. బిగిస్తాను.”

“మాస్టారూ...” మేనేజరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. “ఆయన మీ బావగారని నాకు తెలుసు. నాకూ ఆయనంటే గౌరవమే. కానీ వయసు ఎవర్నీ వదలదు. డ్రమ్ములు కూడా పెట్టెలోంచే వేసేద్దాం. మీరు సరేనంటే వచ్చే నెల నుంచి...”

“నేను సరేనననండి.”

మేనేజరు చెయ్యి తీసేశాడు. ఇన్నేళ్ళలో అతను దేనికీ కాదన్నట్టు జ్ఞాపకం లేదు. అతనికే తన గొంతు పరాయిదానిలా వినిపించింది.

“ఇవాళ కూర్చుని వినండి,” అన్నాడు మళ్ళీ, కొంచెం తగ్గి. “మొదటి భాగం మొత్తం వినండి. ఈడ్చిందనిపిస్తే అప్పుడు చెప్పండి.”

“సరే. వింటాను.”

అతను తిరిగి వచ్చి పెట్టెల వెనక కూర్చున్నాడు. “ఏమంటున్నాడ్రా?” అని బావ అక్కణ్ణుంచే కేకేశాడు. “కుర్చీల గురించి,” అన్నాడతను.

మధ్యాహ్నం జంటలు రావడం మొదలైంది. ఎక్కువమంది ఉద్యోగాలు మానేసి ఇంట్లో తోచనివాళ్ళు. ఒకావిడ మోకాలికి పట్టీ కట్టుకుని వచ్చి, పాట మొదలవగానే అది ఉన్న సంగతే మర్చిపోతుంది. ఒకాయన భార్య పోయినా రావడం మానక, గోడవారగా కూర్చుని కాలు ఆడిస్తుంటాడు. మేనేజరు ఆయన పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

బావ చెవికి హెడ్‌ఫోను పెట్టుకోడు. “చెవిలో చీమ కూర్చుని టిక్కుటిక్కుమంటుంటే నేను వాయించలేనురా,” అని మొదటిరోజే తేల్చేశాడు. అందువల్ల బావ యంత్రం వెనక నడిచే ప్రశ్నే లేదు. యంత్రమే బావ వెనక నడవాలి. ఒకప్పుడు దానికోసం అతను చెయ్యాల్సిందేమీ ఉండేది కాదు. నాబ్ ఒకచోట పెట్టి చేతులు కట్టుకుని కూర్చుంటే, పాట చివరికి బావా, పెట్టే ఒకే గీత మీద దిగేవారు. బావ చెయ్యి అలాంటిది. ఏడాది క్రితం ఒక సాయంత్రం రెండో చరణంలో ఎడమచేతి దెబ్బ వెంట్రుకవాసి వెనకపడింది. తర్వాతి దెబ్బ ఇంకాస్త. ఆలోచించకుండానే అతని వేళ్ళు నాబ్ మీదికి వెళ్ళాయి. పెట్టెలన్నీ తగ్గి బావ దగ్గరికి వచ్చాయి. పాట సాఫీగా ముగిసింది. చెమట తుడుచుకుంటూ బావ అతనికేసి చూసి కన్నుకొట్టాడు.

ఆ రోజు నుంచీ అదే అతని అసలు పని. బావ అలిసినకొద్దీ పెట్టెల్ని వెనక్కి లాగడం. వినేవాళ్ళకి తెలియకుండా. అందరికంటే ముఖ్యంగా బావకి తెలియకుండా.

ఇవాళ అంతటితో సరిపోదు. తగ్గిస్తే మేనేజరుకి తెలుస్తుంది. తగ్గించకపోతే బావ వెనకపడి పట్టుబడతాడు. మైకు ముందు గాయని మొదటి పాట పల్లవి పాడుతుండగా అతనికి దారి తోచింది. గాయని పాడుతున్నంతసేపూ బావతో పాటు నిదానించాలి. పల్లవికీ చరణానికీ మధ్య, బావ ఒక్క కుడిచేత్తో ఇత్తడి పళ్ళెం మీద తాళం నడిపించే చోట, పోయిన వేగాన్ని కొంచెం కొంచెంగా తిరిగి రాబట్టాలి. కుడిచెయ్యికి ఇంకా ఏమీ కాలేదు. వేగం పెంచితే అందుకోగలదు.

అలాగే చేశాడు. ఒక చెవిలో పెట్టె చెప్పే లెక్క, రెండో చెవిలో బావ. ఆ రెంటి నడుమ ఎడం పెరగకుండా చూసుకుంటూ వేలికొసలతో నాబ్‌ను తడిమాడు. తిప్పినట్టు కూడా కాదు, తిప్పుదామని అనుకున్నంత. గాయని ఊపిరి పీల్చే చోటు అతనికి తెలుసు. ఆ ఊపిరి చాటున తగ్గించాడు, వాయిద్యాల చాటున పెంచాడు. నుదుటి మీంచి చెమట కారి కంట్లో పడితే తుడుచుకోలేదు. పాట తర్వాత పాట వెళ్ళిపోయింది. మోకాలి పట్టీ ఆవిడ గిర్రున తిరిగింది. గోడవార ముసలాయన కాలు ఒక్కసారి కూడా తడబడలేదు. బావ మీసం కింద నవ్వుకుంటూ, పెళ్ళికొడుకులా దర్జాగా వాయించాడు.

విరామంలో మేనేజరు వేదిక దగ్గరికి వచ్చాడు.

“నాబ్ బిగించినట్టున్నారే,” అన్నాడు.

“బిగించానండి.”

మేనేజరు డ్రమ్ముల వైపు చూశాడు. అక్కడ బావ గాయనికి ఏదో చెప్పి కడుపుబ్బా నవ్విస్తున్నాడు. “సరేలెండి. ఆ వచ్చే నెల మాట వదిలేయండి. ఈ ఏడాదికి ఇలాగే కానిద్దాం.”

అతను తలూపాడు. మేనేజరు వెళ్ళాక కాసేపు పెట్టెల వెనకే నిలబడ్డాడు. ఎడమ భుజం పీకుతోంది. ఇంతసేపు చెయ్యి బిగబట్టుకున్నందుకు కాబోలు. సాయంత్రం ఇంటికెళ్ళాక అక్కని వంటింట్లోకి పిలిచి ఈ సంగతి చెప్పాలి. చెయ్యి సంగతి కూడా చెప్పేస్తే మంచిదేమో. ఇద్దరూ కలిసి బావని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళచ్చు. ఒక ఏడాది చేతిలో ఉంది కదా.

నొప్పుల మందు డబ్బా తీసుకుని బావ దగ్గరికి వెళ్ళాడు.

“ఎడమ చెయ్యి ఇటివ్వు బావా.”

“దేనికి?”

“ఇవ్వవయ్యా బాబూ. మణికట్టు పట్టీ వదులైంది.”

బావ చెయ్యి చాపాడు. పెద్ద చెయ్యి. పుల్లల రాపిడికి వేళ్ళ మొదట్లో కాయలు కాసి ఉంది. అతని రెండు చేతుల మధ్యా అది పట్టుకున్న పిట్టలా సన్నగా అదురుతోంది. అతను మందు రాసి, మణికట్టు నిమిరి, పట్టీ కట్టాడు. బావ వెటకారమాడలేదు. ఎటో చూస్తూ మెల్లిగా అన్నాడు.

“ఇవాళ భలే కుదిరింది కదరా.”

“కుదిరింది బావా.”

“నాకేదో అనుమానంగా ఉండేది ఈ మధ్య. ఎవరితో అనలేదు. చెయ్యి మొద్దుబారుతోందేమోనని. ఇవాళ్టితో పోయింది. చెయ్యికేం, బంగారం.”

“బంగారమే,” అన్నాడతను, చెయ్యి వదిలిపెడుతూ.

రెండో భాగం ఒక నెమ్మది పాటతో మొదలైంది. అతను పెట్టెల వెనక కూర్చుని మీట నొక్కడం బావ చూశాడు. పల్లవి అయింది. చరణంలోకి వెళ్ళాక బావకి ఏదో ఇబ్బందిగా తోచింది. పాట ముందుకు పోతోంది. తను వెనక ఉన్నాడు. ఎడమచేత్తో గట్టిగా అందుకోబోయాడు. అందలేదు. బేస్ తనకంటే ముందు పడుతోంది, బాకా ఇంకా ముందు. బస్సు కదిలాక వెనక పరుగెత్తుతున్నట్టుగా ఉంది. ఇన్నేళ్ళలో పెట్టెలు తనని వదిలి వెళ్ళడం బావ ఎరగడు.

‘ఏం చేస్తున్నాడు వీడు?’ అనుకుంటూ తల తిప్పి చూశాడు.

బావమరిది కుర్చీలోనే ఉన్నాడు. ఎప్పట్లాగే తల ఒక పక్కకి వాలి ఉంది. కానీ మరీ వాలి ఉంది. కుడిచెయ్యి నాబ్ మీద లేదు. ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది.

బావ చేతులు ఆగిపోయాయి. డ్రమ్ములు ఆగాయి. పాట మాత్రం ఆగలేదు. పెట్టెలు వాటి లెక్కలో అవి నడుస్తూనే ఉన్నాయి. గాయని కళ్ళు మూసుకుని పాడుతూనే ఉంది. జంటలు తిరుగుతూనే ఉన్నాయి. డ్రమ్ములు లేవని హాల్లో ఒక్కరూ తలెత్తి చూడలేదు.

బావ లేచాడు. వేదిక ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి వెళ్ళి, కుర్చీ పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. “ఒరే,” అన్నాడు. చెంపమీద తట్టాడు. మందు వాసన ఇంకా ఇద్దరి చేతులకీ ఉంది. “ఒరే, లేవరా. ఏంట్రా ఇది.”

గాయని కళ్ళు తెరిచి అటు చూసి పాట ఆపేసింది. అప్పుడు జంటలు ఆగాయి. పెట్టెలు మాత్రం మిగిలిన చరణమంతా వాయించి, చివరి పల్లవి వాయించి, ముగింపు స్వరం దగ్గర అన్నీ ఒక్కసారిగా, ఒక్కటిగా ఆగాయి.

మోకాలి పట్టీ ఆవిడ ఒకప్పుడు నర్సు. జనాన్ని తప్పించుకుని వేదిక ఎక్కి, మణికట్టు పట్టుకుంది, మెడ దగ్గర వేళ్ళు పెట్టింది, ఛాతీ మీద రెండు చేతులూ ఆనించి చాలాసేపు ఒత్తింది. తర్వాత ఆపి, బావకేసి చూసి, తల అడ్డంగా ఊపింది.

“అలా కాదమ్మా, ఇంకోసారి చూడండి,” అన్నాడు బావ. “ఇప్పుడే నాకు మందు రాశాడు. ఇప్పుడే.”

ఆవిడ ఇంకోసారి చూసింది.

బావ బావమరిది చేతిని తన ఒళ్ళోకి తీసుకున్నాడు. “ఒరే,” అన్నాడు చాలా చిన్నగా, “మీ అక్కకి నేనేం చెప్పనురా?”

అంబులెన్సు కోసం ఎదురుచూస్తుండగా గాయని వచ్చి పక్కన కూర్చుంది. బావ ఆమెను చూడకుండానే అడిగాడు.

“ఇందాక చరణంలో నేను వెనకపడ్డానా?”

ఆమె పాటల కాగితాన్ని మడతపెట్టింది.

“ఇవాళేనా? ఎప్పట్నుంచో పడుతున్నానా?”

“ఎప్పట్నుంచో, మాస్టారూ,” అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. “అన్నయ్య వెనక్కి తెచ్చేవారు. మీతో పాటు మమ్మల్నందర్నీ. మీతో అనొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు.”

బావ తలూపాడు. ఎడమచెయ్యి అదురుతోంది. ఈసారి దాన్ని జేబులో పెట్టుకోలేదు.

చీకటి పడకముందే బావ ఇల్లు చేరాడు. గాయనీ మేనేజరూ తోడు వచ్చారు. అక్క తలుపు తీసి, ముందు మొగుణ్ణి చూసింది. తర్వాత ఆయన భుజం మీదుగా వెనక్కి, వీధి చివరిదాకా చూసింది.

“వాడేడండీ?”

ఆయన గడప దాటి లోపలికి వచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఎడమచెయ్యి ఎంతగా వణుకుతోందో అక్కకి అప్పుడే తెలిసింది. అది చెయ్యి వణుకు మాత్రమే కాదని కూడా తెలిసింది.

బావ మళ్ళీ డ్రమ్ములు వాయించలేదు. మేనేజరు ఇంటికి వచ్చి ఉండమనే అడిగాడు. “నాతో పాటు నడిచేవాడు లేడండి,” అన్నాడు బావ. ఇప్పుడు డ్రమ్ములు కూడా పెట్టెలోంచే వస్తున్నాయి. మీట నొక్కి వదిలెయ్యడమే, కీబోర్డు ఆవిడ చూసుకుంటోంది. పాటలు ఈడవడం లేదు. అయితే గోడవార ముసలాయన ఒకసారి మేనేజర్ని ఆపి, ఈ మధ్య పాటలు పరుగెడుతున్నాయని, కాలు అందుకోలేకపోతోందని అన్నాడట.

దినాలు గడిచాక ఒక మధ్యాహ్నం బావ తన డ్రమ్ములు తెచ్చుకోవడానికి హాలుకి వెళ్ళాడు. అక్క కూడా వెంట వెళ్ళింది. అన్నేళ్ళలో ఆమె ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. మలుపు దగ్గర ఒక క్షణం ఆగి, గోడ పట్టుకుని, మళ్ళీ ఎక్కింది. “వాడెక్కడ కూర్చునేవాడు?” అని అడిగింది. బావ చూపించాడు. ఆమె వెళ్ళి ఆ కుర్చీ వెనక నిలబడింది. కుర్చీలో కూర్చోలేదు.

పెట్టెల వెనక, బయటికి కనపడని అరమీద, ఒక నారింజ పండు ఉంది. ఆ రోజు విరామంలో గాయని అందరికీ తలా ఒకటి పంచింది. అందరూ తినేశారు. అతను సగం ఒలిచి, పాట మొదలయ్యే వేళైందని పక్కన పెట్టినట్టున్నాడు. తొక్క తెగకుండా ఒకే పట్టీలా ఊడి, చుట్టుకుని, బిరుసెక్కింది. బయటపడిన తొనలు ఎండి తోలు కట్టాయి. ఇంకా ఒలవని వైపు, తొక్క మీద, అతని బొటనవేలి గోరు దిగిన చోట చిన్న నెలవంక గుర్తు ఉంది.